నిద్రలో పట్టు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు అన్నారు పెద్దలు. ఆ సామెతలోని రెండో సగం ఊపిరయ్య కోసమే పుట్టిందని గాజు కార్ఖానాలో అందరూ అనేవారు. మంగలి కుర్చీలో కూర్చుంటే గడ్డానికి రాసిన నురుగు ఆరేలోగా ఆయనకు కన్ను మూతపడేది. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడితే, పట్టిన చేయి పట్టినట్టే ఉండగా తల వాలిపోయేది. కొడుకు పెళ్ళినాడు తీసిన ఫొటోలు ముప్పైకి పైగా ఉంటే, ఆయన కళ్ళు తెరిచి ఉన్నవి రెండే. ఆ రెండింటిలోనూ ఎవరో అప్పుడే భుజం తట్టి లేపిన ఆనవాలు ముఖంలో స్పష్టంగా కనిపిస్తుంది.

చూసేవాళ్ళకు అది అదృష్టం. పడుకున్నచోటల్లా నిద్రపట్టేవాడి కంటే భాగ్యవంతుడెవడని ఇరుగుపొరుగు ఈర్ష్యపడేవారు. ఆయన మాత్రం ఎనిమిది గంటలు పడుకుని లేచినా, ఆ ఎనిమిది గంటలూ మూటలు మోసినవాడిలా లేచేవాడు. నోరు పిడచకట్టుకుపోయేది, కణతలు పోటెత్తేవి, గొంతులో పులుపు నిలిచి ఉండేది. మంచం అంచున కూర్చుని కాలితో చెప్పులు వెతుక్కోవడానికే పావుగంట పట్టేది. మన భాషలో అలసటకు పేర్లు తక్కువేమీ లేవు: బడలిక, సొలుపు, నిస్సత్తువ, నలత. ఒక్కొక్కదానిదీ ఒక్కొక్క ఛాయ. బడలిక పనితో వచ్చి విశ్రాంతితో పోతుంది. నిస్సత్తువ జబ్బుతో వచ్చి తిండితో పోతుంది. విశ్రాంతితోనే వచ్చే అలసట ఒకటుంటుందని ఆ పేర్లు పెట్టినవారు ఊహించినట్టు లేదు. ఊపిరయ్యది ఆ అలసట.

ఆయన పనిచేసే కార్ఖానాలో ప్రయోగశాలలకు కావలసిన గాజుసామాను తయారయ్యేది. చిన్నవన్నీ యంత్రాలు పోతపోసి పడేసేవి. గుండ్రటి అడుగున్న పెద్ద ఫ్లాస్కులను మాత్రం మనిషే ఊదాలి. పొడవాటి ఇనపగొట్టం కొనను కొలిమిలో ముంచి, తేనెలా జారే గాజును ముద్దగా చుట్టి, బయటికి తీసి, గొట్టాన్ని తిప్పుతూ తిప్పుతూ ఊదాలి. తిప్పడం ఆగితే ముద్ద ఒకవైపు వేలాడిపోతుంది. ఊపిరి తడబడితే గోడ ఒకచోట పలచన, ఒకచోట మందం. పది లీటర్ల ఫ్లాస్కును ఒక్క చేతిమీద, ఒక్క తీరుగా ఊదగలిగినవాడు అక్కడి ఎనిమిదిమంది పనివాళ్ళలో ఆయనొక్కడే. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా బతికి లేదు.

ఆ పనిలో ఒక కిటుకు ఉంది. ఒక్కసారి బలంగా ఊది, వెంటనే గొట్టం మూతిని నాలుకతో మూసి, ఊపిరి బిగబట్టి ఆగాలి. లోపల చిక్కిన గాలి వేడికి తనంతట తానే ఉబ్బి, గాజును లోపలినుంచి నెమ్మదిగా నెడుతుంది. బలవంతంగా ఊదితే రాని నునుపు ఆ ఆగడంలో వస్తుంది. దాన్ని వాళ్ళు 'పట్టు' అనేవారు. పట్టు ఎంతసేపు నిలిస్తే పనివాడు అంత గొప్పవాడు. ఊపిరయ్యకు ఈ విద్య నేర్పిన గురువు, తరవాత పిల్లనిచ్చిన మామ కూడా అయిన పెద్ద మేస్త్రి, శిష్యులకు రెండే నియమాలు చెప్పేవాడట. మొదటిది, గొట్టంలోంచి గాలిని ఎన్నడూ లోపలికి పీల్చకూడదు. పీల్చినవాడి ఊపిరితిత్తులు కాలిపోతాయి. రెండోది, నిండు కడుపు ఊపిరికి సవతి. ఊదేవాడు ఖాళీ కడుపుతో ఊదాలి.

మొదటి నియమం ప్రాణాలు కాపాడింది. రెండోది ఏం చేసిందో చాలా ఏళ్ళ తరవాతగాని తెలియలేదు. పని తెల్లవారుజామున ఐదింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి ముగిసేది. అంతవరకూ మంచినీళ్ళే. ఇంటికి చేరి ఒళ్ళు కడుక్కుని, రోజంతటి తిండీ ఒక్కపూటలో తిని, చేయి కడిగిన తడి ఆరకుండానే మంచం ఎక్కేవారు. అన్ని ఇళ్ళలోనూ అదే వరస. దాంతో వాళ్ళందరి చొక్కా జేబుల్లోనూ సుద్దముక్కల్లాంటి తెల్లబిళ్ళల పొట్లం ఒకటి ఉండేది. గుండెల్లో మంట పుడితే ఒకటి నమలడం. మంటంటే వాళ్ళకు పెద్ద పట్టింపు లేదు. ఎదురుగా కొలిమి పెట్టుకుని ఛాతీలో నిప్పురవ్వకు భయపడేదేమిటని నవ్వుకునేవారు. ఊపిరయ్య పన్నెండేళ్ళుగా ఆ బిళ్ళలు నములుతున్నాడు. మొదట వారానికొకటి, తరవాత రోజుకొకటి, ఇప్పుడు లెక్క పెట్టడం మానేశాడు.

ఇక నిద్ర సంగతి. కార్ఖానా వాళ్ళవి వరసగా అంటుకున్న రెండు గదుల ఇళ్ళు, గోడలు నామమాత్రం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ వరసంతా గురకలు. ఆ గురక నడుమ హఠాత్తుగా నిశ్శబ్దం. పది, ఇరవై, ముప్పై లెక్కపెట్టేంత నిశ్శబ్దం. ఆపైన కుక్కరు మూత ఎగిరినట్టు ఒక పెద్ద ఊపిరి, మళ్ళీ గురక. ఇంకెక్కడైనా అయితే ఇంటివాళ్ళు హడలిపోయేవారేమో. ఇక్కడి ఆడవాళ్ళు మురిసిపోయేవారు. నిద్రలో కూడా మావాడు ఊదుతున్నాడు, పట్టు పడుతున్నాడు అనుకునేవారు. కుళాయి దగ్గర బిందెలు నిండేలోగా ఎవరి మొగుడు ఎంతసేపు పట్టు పట్టాడో చెప్పుకునేవారు. ఆ అంకెలు మగవాళ్ళ చెవిన పడి, ఊదిన గాజును నెమ్మదిగా చల్లార్చే పొయ్యి పక్కనున్న ఇటుక స్తంభంమీద సుద్దతో ఎక్కేవి. అన్నిటికంటే పైన, ఇరవై ఏడేళ్ళ కిందట రాసింది, చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ దిద్దుతూ వచ్చింది, పెద్ద మేస్త్రి అంకె: నలభై ఎనిమిది. అది చెప్పింది ఆయన కూతురు, ఊపిరయ్య భార్య.

ఆమెకు ఆ చప్పుడే జోలపాట. పుట్టిననాటినుంచి తండ్రి గురక వింటూ పెరిగింది. పెళ్ళయ్యాక మొగుడి గురక వింటూ కాపురం చేసింది. ఊపిరి ఆగకుండా నిద్రపోయే మగవాడు ఉంటాడని ఆమె ఎరగదు. తండ్రి ఒకనాటి మధ్యాహ్నం భోంచేసి పడుకుని మరి లేవలేదు. పట్టిన పట్టు విడవకుండా పోయాడు, మహారాజులా పోయాడు అన్నారు అందరూ. ఆమె కూడా ఔననే అంది.

నాలుగు నెలల కిందట ఆ ఇంటికి కోడలు వచ్చింది. లిఫ్టులు బాగుచేసే కొడుకు, ఊళ్ళోని ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. ఆ అమ్మాయి ఎప్పుడూ క్లోరిన్ వాసన వేసేది. నడుస్తున్నా, మాట్లాడుతున్నా ఒక కన్ను ఎక్కడో మనుషుల తలలు లెక్కపెడుతున్నట్టు ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కొడుకు డ్యూటీకి పోయాడు. మామగారు భోంచేసి ముందుగదిలో పడుకున్నాడు. అత్తాకోడళ్ళు గుమ్మం దగ్గర కూర్చుని ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతున్నారు. గురక ఆగింది. కోడలి చేతులు కూడా ఆగాయి. ఆమె చూపు గోడ గడియారంలోని సన్నముల్లు మీదికి పోయింది.

"అత్తయ్యా, మావయ్యకి ఊపిరాడట్లేదు."

"ఆడకపోవడమేంటమ్మా, పట్టు పట్టారు. ఇప్పుడే వదుల్తారు చూడు."

మంచంమీద పెద్ద ఊపిరి ఎగిసింది. ఒళ్ళంతా ఒక్కసారి కుదిపినట్టయి, మళ్ళీ గురక అందుకుంది. అత్త ముఖంలో ఇంటి వింతను చుట్టానికి చూపించిన తృప్తి.

"నలభై ఒకటి," అంది కోడలు, గడియారం మీదినుంచి చూపు తిప్పకుండానే. "కొలన్లో ఎవరైనా ఇలా ఉంటే నేనీపాటికి దూకేదాన్ని అత్తయ్యా."

"పిచ్చిమొహమా, ఇక్కడ నీళ్ళెక్కడున్నాయే మునగడానికి?" అని అత్త నవ్వింది. తువ్వాలు మడత పూర్తిచేసింది. కాని ఆ మాట చేపముల్లులా ఎక్కడో గుచ్చుకుంది. ఆరోజునుంచి ఆమెకు మధ్యాహ్నాలు కునుకు పట్టలేదు. మొగుడి ఊపిరి ఆగినప్పుడల్లా ఆమె తన ఊపిరి కూడా ఆపేది. ఎవరు ముందు వదులుతారా అని ఎదురుచూసేది.

కోడలు మామగారితోనే చెప్పి చూసింది. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. వింటూ వింటూ నిద్రపోయాడు.

మరో రెండు వారాలకు కార్ఖానాలో ఆ సంఘటన జరిగింది. పది లీటర్ల ఫ్లాస్కు. ముద్ద తీశాడు, తిప్పాడు, ఊదాడు, పట్టు పట్టాడు. ఆ ఆగడంలో, చుట్టూ ఉన్నదంతా ఆగినప్పుడు, ఆయనకు తన ఛాతీలో ఏదో ఒంకరగా తిరుగుతున్నట్టు తెలిసింది. చేతిలో గొట్టం సమంగానే తిరుగుతోంది. లోపల తిరిగేది మాత్రం నాలుగుసార్లు గబగబా, ఒకసారి అసలు లేకుండా, మళ్ళీ రెండుసార్లు దబదబా. కొత్తవాడి చేతిలో గొట్టంలా ఉంది. ఆయన అలవాటుకొద్దీ ఒక బిళ్ళ నమిలాడు. మరొకటి నమిలాడు. ఫ్లాస్కును వెలుగుకెత్తి చూసిన తనిఖీదారు ఏమీ అనకుండా పక్కనపెట్టాడు. గోడ ఒకవైపు పలచన. ఆ రోజు పక్కనపెట్టినవి మూడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజున మూడు పోవడం అదే మొదలు. నాలుగోది మొదలుపెట్టబోయి ఆయన బల్లమీద కూర్చుండిపోయాడు. చెమట పట్టింది, కొలిమి దగ్గర చెమట ఎవరికి వింత? మళ్ళీ గొట్టం అందుకోలేకపోవడం మాత్రం వింత.

ఎవరో ఇంటికి ఫోను చేశారు. కోడలు ఈతదుస్తులమీద చొక్కా తగిలించుకుని, తడిజుట్టుతోనే ఆటో తీసుకొచ్చింది. ఆయన దారిపొడుగునా అది గ్యాసేనని వాదించాడు. మధ్యలో ఒకసారి నిద్రపోయాడు కూడా.

గుండె డాక్టరమ్మ నాడి చూసింది, ఈసీజీ తీయించింది, నెత్తురు తీయించింది. గుండెపోటు కాదని తేలింది గాని, గుండెలోని పై గదులు లయ తప్పి ముడుచుకోవడానికి బదులు ఊరికే వణుకుతున్నాయని చెప్పింది. అలా వణికేచోట నెత్తురు నిలిచి గడ్డకడుతుందని, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమని, దానికి నెత్తురు పలచబడే మందు వెంటనే మొదలుపెట్టాలని అంది. ఈ వయసుకే లయ ఎందుకు తప్పిందని ఆమె వెతుకుతుంటే, కోడలు తన ఫోనులో తీసి ఉంచిన ఒక మధ్యాహ్నపు గురకను వినిపించింది. డాక్టరమ్మ చివరిదాకా విని, వేలికొక క్లిప్పు, ముక్కుకింద సన్నగొట్టం, ఛాతీకొక పట్టీ ఉన్న చిన్న పెట్టెను ఇచ్చి, పెట్టుకుని పడుకుని తెమ్మంది.

ఆ పెట్టె చెప్పిన లెక్క ఇది: గంటకు నలభై నాలుగుసార్లు ఊపిరి ఆగుతోంది. అన్నిటికంటే దీర్ఘమైనది యాభై రెండు సెకన్లు.

"మీరు గాజు ఊదుతారట కదా," అంది డాక్టరమ్మ. "మూతి మూసేసిన గొట్టంలోంచి గాలి పీల్చడానికి ఎప్పుడైనా ప్రయత్నించారా?"

ఊపిరయ్య నొచ్చుకున్నాడు. "ఊదడమేనండీ. పీల్చడం మా పనిలో మహాపాపం."

"నిద్రలో మీరు చేస్తున్నదదే. గంటకి నలభై నాలుగుసార్లు."

ఆమె చెప్పిన మిగతాదంతా ఆయన ఈ ఒక్క మాటకు కట్టుకుని గుర్తుపెట్టుకున్నాడు. నిద్రలో కండరాలు సడలి గొంతు మూసుకుపోతుంది. ఛాతీ ఊరుకోదు, మూసిన గొంతు మీద గాలికోసం బలంకొద్దీ లాగుతుంది. ఆ లాగుడుకు గుండె పై గదుల గోడలు సాగుతాయి. అదే లాగుడుకు కడుపులోని పులుపు కూడా పైకి ఎగబాకుతుంది; అన్నం తిని వెంటనే పడుకున్నవాడికి ఆ పులుపుకు కొదవేమిటి? అన్నం దిగే గొట్టం సరిగ్గా గుండె పై గదికి వెనకనే ఆనుకుని పోతుంది. అక్కడ పుట్టిన రాపిడి ఇవతల గుండెనూ కలవరపెట్టవచ్చు. ఏది దేనికి ఎంత కారణమో వైద్యులకే ఇంకా పూర్తిగా తేలలేదని, రెండూ ఉన్నవాళ్ళలో గుండె లయ తప్పడం మాత్రం ఎక్కువగా చూస్తున్నామని ఆమె నిజాయితీగా చెప్పింది. దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు ఆ రెండు జబ్బులూ ఆయన ఛాతీని పంచుకున్నాయన్నమాట. పన్నెండేళ్ళుగా ఆయన ఒకదానికి బిళ్ళలు నమిలాడు, రెండోదానికి గర్వపడ్డాడు.

చికిత్స విన్నప్పుడు ఆయన ముఖం వాడిపోయింది. మందులు, కొంచెం కొంచెంగా నాలుగుపూటల తిండి, తిన్న మూడుగంటలదాకా నడుం వాల్చకపోవడం, మంచం తలవైపు జానెడెత్తు లేపడం, ఇవన్నీ సరే. అన్నిటికంటే ముఖ్యం, పడుకున్నప్పుడల్లా ముక్కుకు ఒక తొడుగు. దానికి ఒక గొట్టం. గొట్టం చివర ఒక యంత్రం, గొంతు మూసుకోకుండా గాలి ఊదుతూ ఉండడానికి. అది పెట్టుకోకపోతే మందులు లయను ఎక్కువకాలం నిలబెట్టలేవని, అప్పుడు రాబోయేది గడ్డో, గుండె అలసిపోవడమో చెప్పలేనని ఆమె స్పష్టంగానే చెప్పింది. మూడు నెలల దాకా కొలిమి దగ్గరికి వెళ్ళవద్దంది.

బయటికి వచ్చేముందు, వెంట వచ్చిన భార్య తలుపు దగ్గర ఆగింది. ఒక మాట అడగబోయి, తరవాతి రోగులు బయట కాచుకున్నారని ఊరుకుంది.

కార్ఖానాకు సెలవుచీటీ ఇవ్వడానికి వెళ్ళిన ఊపిరయ్యను తోటివాళ్ళు చుట్టుముట్టారు. చెప్పిందంతా విన్నారు. గుండె పై గదులనూ పక్షవాతాన్నీ ఒక చెవిన విని, యాభై రెండు దగ్గర అందరి కళ్ళూ మెరిశాయి. పెద్ద మేస్త్రిని దాటేశాడు! పొడుగాయన అని పిలిచే సహోద్యోగి వెంటనే సుద్దముక్క తీసుకుని స్తంభం దగ్గరికి నడిచి, నలభై ఎనిమిదికి పైన, చేయి సాచి, యాభై రెండు రాశాడు. ఊపిరయ్య వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన ఒంట్లో ఎన్నాళ్ళుగానో లేని ఒక చిన్న ఉత్సాహం కదిలింది. ఆ తరవాత తొడుగు మాట వచ్చింది.

"ముప్పై ఏళ్ళు నువ్వు సీసాలకి ఊదావు, ఇప్పుడు మిషనొచ్చి నీకు ఊదుతుందా అన్నా?" అన్నాడు పొడుగాయన. "చూసుకో, గుండ్రంగా ఊదుతుందో లేదో."

అందరూ నవ్వారు. ఊపిరయ్య కూడా నవ్వాడు. కాని ఇంటికొచ్చాక, ఆసుపత్రినుంచి తెచ్చిన యంత్రం పెట్టెను బీరువా పైన పెట్టి, దానిమీద పాత దుప్పటి కప్పాడు. పదకొండు రోజులు అది అక్కడే ఉంది. కోడలు ఒకటి రెండుసార్లు గుర్తుచేసింది, రేపు చూద్దామన్నాడు. తిండి మార్చాడు, డాక్టరమ్మ రాసిన మందులు వేసుకున్నాడు, కార్ఖానా నుంచి తెచ్చిన రెండు వంకర గాజుదిమ్మలను మంచం తలకోళ్ళకింద పెట్టించాడు. తొడుగు ఒక్కటే ముట్టలేదు. తన ఊపిరే తన పేరు. ఆ పేరు ఉన్నవాడు ప్లగ్గులో గుచ్చిన యంత్రం దగ్గర ఊపిరి అరువు తెచ్చుకోవడమా? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట, తనకు మిగిలేదేమిటి?

పన్నెండోరోజు మధ్యాహ్నం ఆయన నడుం వాల్చగానే భార్య వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె కళ్ళకింద నల్లటి చారలు. నెలకు పైగా ఆమె మధ్యాహ్నాలు సరిగా పడుకోవడంలేదని ఆయన అప్పుడే గమనించాడు. ఏమిటన్నట్టు చూశాడు.

ఆమె చేతిలో కుట్టవలసిన చొక్కా ఉంది. కుట్టడంలేదు.

"నాన్న పోయిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఇలాగే. చొక్కాకి గుండీ కుడుతున్నాను," అంది. "పట్టు పట్టాడు. నేను లెక్కపెట్టాను. నలభై దాటింది. యాభై. నాకెంత గర్వంగా ఉందో. రేపు కుళాయి దగ్గర చెప్పాలి అనుకున్నాను. అరవై దాటాక కూడా గర్వపడ్డానండీ."

ఆయన లేచి కూర్చున్నాడు.

"ఎక్కడ లెక్క ఆపానో గుర్తులేదు. గుండీ కుట్టడం పూర్తయింది. దారం కొరికాను. అప్పుడు చూశాను." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు, ఎప్పటినుంచో మోసి మోసి అరిగిపోయిన మాటలు అవి. "ఎవరికీ చెప్పలేదు. స్తంభంమీద నలభై ఎనిమిదే ఉండనిచ్చాను. ఆ రోజుది చెప్తే నేను చూస్తూ కూర్చున్నానని తెలుస్తుంది కదా."

గురువు పోయినప్పుడు పాడె మోసినవాడు ఆయన. పట్టు విడవకుండా పోయాడని అందరికంటే ముందు అన్నవాడు కూడా ఆయనే. ఆ మాట ఇరవై ఏడేళ్ళుగా ఈమె చెవిలో ఏం చేస్తూ ఉందో ఇప్పుడు అర్థమైంది.

"డాక్టరమ్మని అడగాల్సింది, మీ నాన్నదీ ఇదేనా అని," అన్నాడు చివరికి.

"చూడని మనిషి గురించి ఆవిడేం చెప్తుంది? చెప్పినా ఇప్పుడేం లాభం?" ఆమె సూదిని చొక్కాకు గుచ్చి పక్కనపెట్టింది. "నాకు ఇంక లెక్కపెట్టే ఓపిక లేదండీ. అంతే. మీరు పేరే ఉంచుకుంటారో, ఊపిరే ఉంచుకుంటారో."

ఆరోజు ఆయన పడుకోలేదు. చొక్కా వేసుకుని, ఎండలోనే నెమ్మదిగా నడుచుకుంటూ కార్ఖానాకు వెళ్ళాడు. పని ముగిసి అందరూ ముఖాలు కడుక్కుంటున్నారు. తడిగుడ్డ ఒకటి తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళి, యాభై రెండును తుడిచేశాడు. దానికింద ఉన్నవి ఒక్కొక్కటే తుడిచాడు. ఇదేంటన్నా అని పొడుగాయన అడిగితే, నీ అంకె ఎంత అని ఎదురడిగాడు. ముప్పై ఆరు. గుండెలో మంట ఉందా? ఉంది. పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటుందా? పొడుగాయన నవ్వబోయి ఆగిపోయాడు. ఒళ్ళు తేలిగ్గా ఉండడమంటే ఎలా ఉంటుందో ఆయనకు గుర్తున్నట్టు లేదు. రేపు మీ ఆవిడను తీసుకుని ఆసుపత్రికి పో, ఆవిడ లెక్కను డాక్టరమ్మకు చెప్పించు అని ఊపిరయ్య అన్నాడు. ఖాళీ కడుపు నియమం గురించి కూడా ఏదో చెప్పబోయాడు గాని, అప్పటికే ఆయాసం వచ్చింది. బల్లమీద కూర్చున్నాడు.

నలభై ఎనిమిదిని మాత్రం తుడవలేకపోయాడు. గుడ్డ పట్టుకున్న చేయి అక్కడిదాకా లేచి దిగిపోయింది. ఇంటికి వచ్చి ఆ సంగతి భార్యకు చెప్తే, ఆమె ఉండనివ్వమంది. తరవాత, ఎప్పుడో ఒకరోజు తనే వెళ్ళి తుడుస్తానంది.

మర్నాడు మధ్యాహ్నం, పన్నెండున్నరకు కొంచెమే తిని, మూడున్నరదాకా కుర్చీలో కూర్చుని, కునికిపాట్లు పడి, కోడలు చెంపమీద నీళ్ళు చిలకరిస్తే లేచి, చివరికి మంచం ఎక్కాడు. కోడలు తొడుగు పట్టీలు బిగించింది. పిల్లలకు ఈత కళ్ళద్దాలు తగిలించే చేతులు కాబట్టి ఒక్క వెంట్రుక కూడా లాగలేదు. యంత్రం సన్నగా బుసకొట్టింది. ముక్కులోకి గాలి దూసుకొచ్చేసరికి ఆయన బెదిరి తొడుగును లాగేయబోయాడు.

"నీళ్ళలోకి దిగిన మొదటిరోజు అందరూ ఇంతే మావయ్యా," అంది కోడలు. "దానితో పోట్లాడకండి. మీరు వదలండి, అదే పట్టుకుంటుంది."

ముప్పై ఏళ్ళు గాలిని తన అదుపులో పెట్టుకున్నవాడికి అది తేలికైన పని కాదు. ఊపిరి వదిలినప్పుడల్లా యంత్రం ఎదురు ఊదినట్టుండేది. పది నిమిషాలు పోట్లాడాడు. పదకొండో నిమిషాన అలసిపోయాడు. ఆ అలసటే ఆయన్ని గట్టెక్కించింది.

కోడలు పనికి వెళ్ళిపోయింది. భార్య స్టూలుమీద కూర్చుని నిన్నటి చొక్కా అందుకుంది. గురక లేదు. గురక లేకపోవడం ఆమెకు భయమేసింది. చెవి రిక్కించి లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు; తొడుగులోంచి ఊపిరి బయటికి వచ్చిన చప్పుడు. మళ్ళీ మొదటినుంచి. ఒకటి, రెండు, మూడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంకె నాలుగు దాటలేదు. అలా పొద్దువాలే వేళ దాకా ఆమె ఒకటి రెండు మూడు లెక్కపెడుతూనే ఉంది. ఎక్కడ ఆపిందో ఈసారి కూడా ఆమెకు గుర్తులేదు.

ఐదుంబావుకు ఊపిరయ్య కళ్ళు తెరిచాడు. ఛాతీలో ఆ ఒంకర తిరుగుడు ఇంకా ఉంది. ఒక్క మధ్యాహ్నానికి పోయేది కాదది. పది లీటర్ల ఫ్లాస్కు మళ్ళీ ఊదగలనో లేదో ఆయనకు తెలియదు. కాని నోట్లో తడి ఉంది. కణతలు ఊరుకున్నాయి. చెప్పులెక్కడున్నాయో పడుకునే కనిపెట్టగలిగాడు.

తల తిప్పి చూస్తే భార్య గోడకు ఆనుకుని, ఒళ్ళో చొక్కాతో, నోరు కొద్దిగా తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. సూదికి దారం ఎక్కించి ఉంది, కుట్టు మొదలవలేదు. ఆయన లేవబోయి ఆగాడు. తొడుగు తీస్తే గాలి బుస్సుమని చప్పుడవుతుంది. ఆమె లేస్తుంది.

అందుకని, తీయకుండా అలాగే పడుకుని, ఆ యంత్రం ఊదుతున్న గాలిని ఒక్కొక్క ఊపిరిగా తీసుకుంటూ, ఆమె లేచేదాకా కదలకుండా ఉన్నాడు.